బాతుకి ముహూర్తం

ఆ రోజుల్లో ఏలూరులో అద్దెకు ఇల్లు దొరకడమంటే పిల్లకి సంబంధం కుదరడం లాంటిదే. ఇంటివారు ముందు గోత్రం అడిగేవారు, తరవాత నాన్నగారి ఉద్యోగం అడిగేవారు, ఇంట్లో ఎవరికైనా పడుకుని గురకపెట్టే అలవాటుందా అని కూడా అడిగేవారు. అన్నీ సరిపడ్డాకనే తాళం తీసి గదులు చూపించేవారు. అలాంటి ఒక ఇంట్లో నేను పెరిగాను. కాలేజీకి వెళ్ళి తర్కశాస్త్రంలో మంచి మార్కులు తెచ్చుకున్న దాన్ని, ఇవాళ ఉయ్యాలలో పిల్లవాడు ఒక్క తుమ్ము తుమ్మితే చాలు, కలం పక్కన పెట్టి, రెండోది వస్తుందా రాదా అని ఊపిరి బిగబట్టి కూర్చుంటున్నాను. మా ఆయన నవ్వుతారు. జలుబేమో, ఉబ్బసమేమో, పొద్దున్నే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాలేమో అని నా భయం నాది. కాని ఆ రెండో తుమ్ము కోసం ఎదురుచూడడమనే పిచ్చి మాత్రం నాది కాదు, ఆ ఇంటిది. (వాడు ఇందాకే ఒకటి తుమ్మాడు. రెండోది ఇంకా రాలేదు. ఈలోగా ఆ సంగతి రాస్తాను.)

నాకప్పుడు పదకొండేళ్ళు. నాన్నగారు ఏలూరులో సర్కారు ఆఫీసు గుమాస్తా. కాలవకి దగ్గరలో ఒక పెంకుటిల్లు, అందులో ముందు భాగం ఇంటివారిది, వెనక రెండు గదులూ వంటిల్లూ మావి, నుయ్యీ పెరడూ ఉమ్మడి. ఇంటివారు ఇద్దరే మనుషులు. ఆయన్ని మేము చాటున పొడుం తాతగారు అనేవాళ్ళం, ఎదురుగా ఒట్టి తాతగారే. ఆయన ఎడమ గుప్పిట్లో ఎప్పుడూ ముక్కుపొడుం డబ్బీ ఉండేది, కుడిచేతికి అందే దూరంలో పంచాంగం ఉండేది. ఆవిడ మామ్మగారు. సొంత పిల్లలు లేరు గాని, మరుదుల్నీ ఆడపడుచుల్నీ ఎత్తుకుని పెంచిన మనిషి. ఎవరి కాలు జారినా "రామ రామ" అనీ, ఎవరు తుమ్మినా "చిరంజీవ" అనీ ఆవిడ నోరు తనంతట తనే అనేస్తూ ఉండేది. మడి దగ్గర మాత్రం నిప్పు. తడిపి ఆరేసుకున్న చీర నీడ మా మీద పడినా మమ్మల్నే తప్పుకోమనేవారు.

మేము చేరేటప్పుడు తాతగారు షరతులు చెప్పారు. గోడకి మేకు కొట్టకూడదు. దీపాలు పెట్టాక రోట్లో ఏమీ దంచకూడదు. కుక్క కూడదు, పిల్లి కూడదు, కోళ్ళ మాట అసలు ఎత్తనే కూడదు. నాన్నగారు అన్నిటికీ "చిత్తమండీ, చిత్తం" అన్నారు. ఆఫీసులో కూడా ఆయన అనే మాట అదొక్కటే కనక అలవాటుగా బాగానే అన్నారు.

ఇక మా మామయ్య. అమ్మకి తమ్ముడు. కొల్లేటికోటలో గట్లు కొలిచే ఓవర్సీరు దగ్గర పనిచేసేవాడు. ఒకసారి పడవలో కొంత దూరం, బండిలో కొంత దూరం వచ్చి, మూత కట్టిన బుట్ట నా ముందు దింపి "అమ్మడూ, నీకోసం దొరసానిని తీసుకొచ్చానే" అన్నాడు. మూత తీస్తే బాతు. గోధుమరంగు ఈకలు, పసుపు ముక్కు, మనల్ని చూసి ఏమీ మెచ్చుకోని కళ్ళు. ఆ ఊళ్ళో ఒక రైతు కూర వండించుకోమని ఎంతో ఆప్యాయంగా ఇచ్చాడట. మేము అవి తినమండీ అని చెబితే ఆయన మనసు నొచ్చుకుంటుందని, మొహమాటానికి పుచ్చుకుని, మొహమాటంతోనే ఏలూరు దాకా మోసుకొచ్చాడు. అది బుట్టలోంచి దిగి, క్లబ్బు మెట్లు దిగే దొరసానిలా అటూ ఇటూ ఊగుతూ మా వంటింటి గుమ్మం దాకా నడిచి, లోపలికి తొంగి చూసి, నచ్చనట్టు వెనక్కి తిరిగింది. ఆ క్షణంలోనే నాకు ప్రాణమైపోయింది.

కొన్నాళ్ళు కట్టెల గదిలో దాచాం. దాచాం అంటే మేము దాచాం గాని అది దాగలేదు. ఒకనాటి పొద్దున్న నేను బడికి జడ వేయించుకుంటూ ఉండగా, పెరట్లోంచి మామ్మగారి కేక వినిపించింది. వెళ్ళి చూస్తే దొరసాని సరిగ్గా మామ్మగారి మడిచీర కింద నిలబడి, అంచులోంచి కారే చుక్కల్ని తలమీద పడనిచ్చుకుంటూ కళ్ళు మూసుకుని ఉంది. తాతగారు పంచాంగంతో సహా వచ్చారు. పెరడు కాస్తా కోర్టయిపోయింది.

"ఏమయ్యా, కోళ్ళు కూడదని చెప్పానా లేదా?"

"చెప్పారండీ బాబాయిగారూ. ఇది కోడి కాదండీ, బాతండీ" అన్నారు నాన్నగారు. (చిత్తమండీ కాక ఇంకో మాట ఆయన ఇంటివారితో అనడం నేను మొదటిసారి విన్నాను. నా మొహం చూసి అని ఉంటారు.)

"రెక్కలున్నాయా? ఈకలున్నాయా? తవుడు తింటుందా? మరి కోడికీ దీనికీ తేడా ఏమిటి?"

"కోడి ఈదలేదు కదండీ."

తాతగారు చిటికెడు పొడుం పీల్చి, పెరడంతా ఒకసారి కలయజూశారు. "ఈదడానికి నా పెరట్లో చెరువెక్కడుందయ్యా? ఈదనంతసేపూ అది కోడే!"

తరవాత కాలేజీలో మా తర్కశాస్త్రం మేష్టారు పెద్ద పెద్ద సిద్ధాంతాలు చెప్పారు గాని, ఈ వాదానికి సమాధానం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. నాన్నగారు "చిత్తం" దగ్గరికి వెళ్ళిపోబోతుంటే అమ్మ కొంగు దోపుకుని ముందుకొచ్చింది.

"పిన్నిగారూ, మీరు పెద్దవారు, మీకు చెప్పేదాన్ని కాను గాని, అది లేచింది మొదలు నూతి దగ్గర తడుస్తూనే ఉంటుందండీ. తడిబట్టతో ఉంటే మడే కదండీ? ఆ లెక్కన మనింట్లో దానికున్నంత మడి ఎవరికుందండీ?"

మామ్మగారు ఆలోచనలో పడ్డారు. ఆవిడ న్యాయమైన మనిషి. నూతిలోంచి నీళ్ళు తోడి, చెంబుతో దొరసాని నెత్తిన కుమ్మరించారు. నీళ్ళు ముత్యాల్లా జారి కిందపడ్డాయి. దొరసాని ఒక్కసారి ఒళ్ళు విదిలించింది.

"చూశావుటమ్మా? ఒంటిమీద చుక్క నిలిచిందా? తడవని దానికి మడేమిటీ!"

అమ్మ ఓడిపోయింది. బాతు వెళ్ళిపోవాలి, లేదా మేము వెళ్ళిపోవాలి అని తాతగారు తీర్పు చెప్పారు. నాన్నగారి ఆఫీసుకీ నా బడికీ దగ్గరలో ఇంకో ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? మామయ్యకి కబురు వెళ్ళింది. మామయ్య వచ్చి, బుట్ట ముందు పెట్టుకుని కూర్చుని, చాలాసేపు గొంతు సవరించుకుని అసలు సంగతి చెప్పాడు. "తీసుకెళ్ళడానికేం, తీసుకెళ్తానే. కాని నేను రోజంతా గట్ల మీదుంటాను. ఆ రైతు ఎదురుపడితే ఇంకా వండించుకోలేదాండీ అని అడుగుతున్నాడు. నేను ఇంట్లో లేనప్పుడు వాళ్ళ ఆవిడ మర్యాద కొద్దీ వండి, గిన్నెతో తెచ్చి పెట్టినా పెడుతుంది." నేను అన్నం మానేశాను. మా అమ్మమ్మ ఊరు పెంటపాడు పంపుదామంటే అక్కడ కుక్కలు. ఎటు చూసినా దొరసానికి దారి లేదు.

దారి తాతగారే చూపించారు, తనకి తెలియకుండానే. ఆయనకి ఒక నియమం ఉంది. ఆయన గుమ్మం దాటి ఊరు వెళ్ళేది ఏదైనా సరే, మంచి వేళలోనే దాటాలి. లేకపోతే దోషం వెళ్ళినవాళ్ళకి కాదు, గుమ్మానికి. చివరికి కొల్లేరే ఖాయమైంది. మామయ్యకి సెలవు దొరికింది గురువారం. బుట్ట భుజాన పెట్టుకుని లేవబోతుంటే తాతగారు చెయ్యెత్తారు.

"ఎటు వెళ్తోంది?"

"కొల్లేరండీ."

"దక్షిణం. గురువారం దక్షిణం శూల. ఆగు."

"శూల నాకు కదండీ, బాతుకి కాదుగా?" అన్నాడు మామయ్య.

"ప్రయాణం చేసేది అదా కాదా?"

బుట్ట దిగింది. ఆ రోజు మొదలు నాకు పంచాంగం మీద గొప్ప భక్తి కుదిరింది. తాతగారు దొరసాని వెళ్ళడానికి శనివారం పొద్దున్న వేళ పెట్టారు. వర్జ్యం వచ్చేలోపల గుమ్మం దాటాలి. మా పక్కింటి సాయిబుగారు, తివాచీలు నేసేవారు, "ఏవండీ, బాతుకి ముహూర్తం పెట్టారటగా, మేళం ఎవరండీ?" అని గోడమీంచి అడిగారు.

శనివారం వచ్చింది. మామయ్య బుట్టతో గుమ్మంలో. నాన్నగారు పక్కన. అమ్మ నన్ను పట్టుకుని. నేను ఏడుస్తూ. మామ్మగారు శకునం బాగుండాలని నిండు చెంబుతో ఎదురు రావడానికి వీధిలో సిద్ధంగా. తాతగారు ఆ పొద్దుటి నుంచీ, తుమ్మకూడదని, పొడుం ముట్టుకోలేదు. ఎంతో కాలంగా పీలుస్తున్న ముక్కు అది. ఆయన మొహం ఎర్రబడింది, ముక్కు కొస అదిరింది. "ఊఁ, బయలుదేరు" అన్నారు. మామయ్య కాలెత్తాడు.

"హాచ్!"

తాతగారే. పొడుం పీలిస్తే రాదేమో, పీల్చనందుకు వచ్చింది. మామయ్య కాలు గాలిలోనే ఆగింది. మామ్మగారి నోరు తన పని తను చేసింది: "చిరంజీవ!"

"ఒంటి తుమ్ము" అన్నారు తాతగారు నీరసంగా. "దింపు."

"జంట తుమ్ము శుభమంటారు కదండీ. ఇంకోటి తుమ్మండి" అన్నారు నాన్నగారు, ఆఫీసు వేళ మించిపోతోందని.

తాతగారు మొహం పైకెత్తి సూర్యుణ్ణి చూశారు. రాలేదు. ముక్కు రుద్దుకున్నారు. రాలేదు. అందరం ఆ ముక్కుకేసే చూస్తున్నాం. చివరికి విసుగెత్తి డబ్బీ మూత తీసి ఒక పెద్ద చిటికెడు పట్టించారు. వచ్చింది. జంట! మామయ్య బుట్ట ఎత్తాడు. ఇంకోటి వచ్చింది. బేసి. బుట్ట దించాడు. మళ్ళీ వచ్చింది. ఎత్తాడు. మళ్ళీ. దించాడు. తాతగారి కళ్ళమ్మట నీళ్ళు, మామయ్య నుదుటి మీద చెమటలు, బుట్టలోంచి దొరసాని కోపంగా కేకలు, మామ్మగారు ఊపిరి తిరక్కుండా "చిరంజీవ, చిరంజీవ". నా ఏడుపు కూడా ఎత్తినప్పుడు వస్తూ, దించినప్పుడు ఆగుతూ ఉండేది. ఆఖరి తుమ్ముకి తాతగారి ఒళ్ళంతా ఎగిరి, చేతిలో డబ్బీ జారి, మూత లేకుండా సరాసరి, ఎత్తి దించడంలో కట్టు ఊడిన బుట్టలో పడింది.

పొడుం పొగలా లేచింది. బుట్టలోంచి మెడ ఒకటి నిటారుగా పైకొచ్చింది. ఆ మెడ వెనక్కి వంగింది, ముందుకి ఊగింది.

"ఫ్చిక్!"

"చిరంజీవ! నూరేళ్ళాయుష్షు!" అనేశారు మామ్మగారు.

అన్నాక ఆవిడ చేత్తో నోరు మూసుకున్నారు గాని, ఆలస్యమైపోయింది.

"బాతుకి చిరంజీవ ఏమిటే!" అన్నారు తాతగారు ముక్కు తుడుచుకుంటూ.

"అనేశానుగా అండీ. నోరు జారినా మాట మాటే." మామ్మగారు చెంబు గుమ్మం మీద పెట్టి, బుట్టలోకి తొంగి చూశారు. దొరసాని ఇంకోసారి "ఫ్చిక్" అంది. "జంట తుమ్ము కూడా తుమ్మింది, శుభం. నూరేళ్ళు బతకమని నేనే అని, నేనే దాన్ని కూరలోకి పంపిస్తే, నా మాట ఏం కానూ? ఏమయ్యా అబ్బాయ్, ఆ బుట్ట ఇలా లోపలికి తే. పాపం, దాని ముక్కు కడగాలి."

మామయ్య బుట్ట లోపలికి తెచ్చాడు. లోపలికి వచ్చేదానికి వర్జ్యం పట్టింపు లేదన్నారు తాతగారు, అదీ పంచాంగం చూశాకనే.

తరవాత దొరసాని మా భాగంలో ఉన్న రోజులు తక్కువ. పొద్దున్నే ఇంటివారి వసారాలోకి వెళ్ళి తాతగారి కుర్చీ పక్కన కూర్చునేది. ఆయన తిథివార నక్షత్రాలు పైకి చదివేవారు, అది మధ్యమధ్య ఏదో అనేది. "విన్నావుటే, దీనికి కూడా తెలుసు ఇవాళ మంచిది కాదని" అనేవారాయన. (గుడ్ల సంగతి అడక్కండి. మామ్మగారు వాటిని ఆ పేరు పెట్టి పిలిచేవారు కాదు. "అవి" అనేవారు. "అవి" పక్కింటి సాయిబుగారి ఇంటికి గోడమీంచి వెళ్ళేవి.)

రెండేళ్ళకి నాన్నగారికి తాడేపల్లిగూడెం బదిలీ అయింది. మేము వెళ్ళడానికి తాతగారే వేళ చూశారు. అందరం గుమ్మం దాటి బండి ఎక్కాం. నేను బుట్ట పట్టుకుని దొరసానిని తెచ్చుకోవడానికి వెనక్కి వెళ్ళాను. అది కుర్చీ పక్కనే ఉంది. నేను వంగి దాన్ని ఎత్తుకోబోతుంటే, తాతగారు నెమ్మదిగా డబ్బీ మూత తీసి, చిటికెడు పట్టించి, తుమ్మారు. ఒక్కటి.

నేను ఆగాను. ఆయన మూత పెట్టేశారు.

"ఇంకోటి తుమ్మండి తాతగారూ."

"రావడం లేదే అమ్మడూ" అన్నారాయన కిటికీలోంచి బయటికి చూస్తూ. "మీరందరూ శుభంగా గుమ్మం దాటేశారు, మీ వల్ల దోషం లేదు. ఇది ఇంకా దాటలేదుగా."

పొడుం పీల్చాక ఆయన ఒంటిగా తుమ్మి ఊరుకోవడం అంతకు ముందు నేనెప్పుడూ చూడలేదు. తలుపు వెనక మామ్మగారి చీర చెంగు కనిపిస్తోంది. ఆవిడ బయటికి రారు. వీధిలోంచి నాన్నగారు రైలుకి వేళవుతోందని కేకలేస్తున్నారు. నేను ఆయన ముక్కుకేసి చూస్తూ నిలబడ్డాను. ఆ ముక్కు ఎంత చూసినా కదల్లేదు. చివరికి దొరసాని తల నిమిరి, ఖాళీ బుట్టతో బండెక్కి, ఏలూరు స్టేషను దాకా ఏడ్చాను.

ఆ తరవాత మామయ్య ఒకసారి ఆ దారినే వెళ్ళి వచ్చి చెప్పాడు. ఎవరో అద్దెకి ఇల్లు చూడడానికి వచ్చారట. తాతగారు గోత్రం అడిగారు, ఉద్యోగం అడిగారు, గురక సంగతి అడిగారు, చివరికి గొంతు తగ్గించి "మా ఇంట్లో ఒక బాతుందండీ. మీకేమీ అభ్యంతరం లేదు కదా?" అన్నారట.

ఇదిగో, మావాడు రెండోది తుమ్మాడు. "చిరంజీవ" అన్నాను. ఇక పొద్దున డాక్టరుగారి దగ్గరికి వెళ్ళక్కర్లేదు, నిద్రపోవచ్చు. ఖాళీ బుట్టతో నిలబడి, రాని తుమ్ము కోసం ఒక ముసలాయన ముక్కుకేసి అంత ఆశగా చూసిన ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. చదువుకుంది, పెళ్ళి చేసుకుంది, తల్లయింది. ముక్కుకేసి చూస్తూ కూర్చోవడం మాత్రం ఇంకా మానలేదు.