బావ కుడికాలు

ఆ శనివారం పొద్దున పూజారిగారి కాలివేళ్ళు జానెడు దూరంలో బతికిపోయాయి.

గుడి పార్కింగ్ లాట్‌లో కారు పూజ. బానెట్ మీద పసుపుతో స్వస్తిక్, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. మా అక్క కూతురు స్టీరింగ్ దగ్గర కూర్చుంది. "మెల్లిగా ముందుకి పోనివ్వమ్మా" అన్నారు పూజారిగారు. అది యాక్సిలరేటర్ నొక్కింది. కారు కదల్లేదు, వణికింది. చలిజ్వరం వచ్చినవాడి పళ్ళలా టకటకమని, కాసేపు ఆగి ఆలోచించుకుని, ఒక్కసారిగా ముందుకి దూకింది. ఒక నిమ్మకాయ చితకడం మానేసి పక్క మినీవ్యాన్ కిందకి పారిపోయింది. పళ్ళెం పట్టుకుని ఎదురుగా నిలబడ్డ పూజారిగారు ఆ వయసులో అంత దూరం వెనక్కి గెంతగలరని నేను కలలో కూడా అనుకోలేదు.

"దానికి కాలు వణికింది. కారుకేం లేదు" అన్నాడు మా బావ.

"కాలు వణికితే ఇంజన్ ఎందుకు దగ్గుతుంది బావా?"

"నువ్వు నోర్ముయ్యరా, తొమ్మిదో క్లాసూ."

అది నా బిరుదు. తొమ్మిదో క్లాసులో బడి నన్ను వదిలేసిందో, నేను బడిని వదిలేశానో ఇప్పటికీ తేలలేదు. ఆ తర్వాత బెజవాడ ఆటోనగర్‌లో లారీల కింద పడుకుని పెరిగాను. ఎన్నో ఏళ్ళ కిందట అక్క పెట్టిన వీసా అప్లికేషన్‌కి దయ కలిగి ఈ ట్రాయ్ ఊరికి వచ్చాను. ఇక్కడ మూడు లిఫ్టులున్న చిన్న రిపేరు షాపులో కార్ల కింద నిలబడతాను. అమెరికాలో నాకు జరిగిన అభివృద్ధి అంతా అదే: పడుకునేవాణ్ణి, నిలబడుతున్నాను.

బావ సంగతి వేరు. ఇంజనీరు. ఇక్కడి కార్ల కంపెనీలోనే చేరి, అక్కడే జుట్టు పోగొట్టుకుని, అక్కడే రిటైరయ్యాడు. ఆయన చేరినప్పుడు ఆ కంపెనీ పడవల్లాంటి పొడుగు కార్లు చేసేదట. రోడ్డు తమ తాతదన్నట్టు ఉండేవాళ్ళట కంపెనీవాళ్ళు. తర్వాత పెట్రోలు ధర పెరిగింది. జపాన్ చిన్నకార్లు సద్దు లేకుండా వచ్చి ఇంటింటి ముందూ నిలబడ్డాయి. ఫ్యాక్టరీలకి తాళాలు పడ్డాయి, బావ పక్క కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. అప్పుడు కంపెనీ తన ప్రాణమంతా ఒక చిన్నకారు మీద పెట్టుకుంది. తక్కువ తాగే కారు. అందులో లోపల రెండు క్లచ్చులుండే కొత్తరకం గేర్‌బాక్స్. డ్రైవరు కాలికి క్లచ్ పెడల్ ఉండదు, ఎప్పుడు పట్టాలో ఎప్పుడు వదలాలో కారే చూసుకుంటుంది. ఆ గేర్‌బాక్స్ చేసినవాళ్ళలో మా బావ ఒకడు. ఇప్పుడు కంపెనీ ఆ చిన్నకార్లకి దణ్ణం పెట్టేసి, ఇళ్ళంత పికప్పులు చేసుకుంటోంది. చిట్టచివర తయారైన వాటిలో ఒకటి బావ రిటైరైన రోజున కొనుక్కున్నాడు. పూజారిగారి మీదకి దూకింది అదే.

ఇంకో కారు కూడా ఉంది ఆ ఇంట్లో. మాట బయటికి పొక్కకూడదు. అక్క ఆసుపత్రిలో ఫార్మసిస్టు, తన సంపాదనతో జపాన్ కారు కొనుక్కుంది. బావ ఆఫీసులో గేటు పక్క పార్కింగ్ సొంత కంపెనీ కార్లకే. వేరే కంపెనీ కారు తెచ్చినవాడు ఎక్కడో కంచె పక్కన పెట్టి, మంచులో ఈదుకుంటూ రావాలి. ఆ అలవాటు బావతో పాటు ఇంటికొచ్చింది. రిటైరయ్యాక కూడా పోలేదు. అక్క కారు చీకటితో డ్యూటీకి పోయి చీకటి పడ్డాక వచ్చేది, మిగతా కాపురమంతా గరాజ్‌లోనే. ఆ తలుపు రెండు నిమిషాలు తెరిచి ఉంటే బావ నడిరోడ్డు మీద పంచె ఊడినవాడిలా గిలగిల్లాడేవాడు. ఎదురింట్లో ఉండేది ఆయన పాత ఆఫీసు మనిషే మరి.

ఆదివారం పొద్దున మేనకోడలు చాండ్లర్ అనే ఊరికి బయల్దేరాలి. మొదటి ఉద్యోగం, కంప్యూటర్ చిప్పులు చేసే చోట. మూడు రోజుల డ్రైవ్, ఒక్కతే. వెళ్ళేది ఆ చిన్నకారులో. బావ ముచ్చటపడి ఇచ్చాడు, ఆ ప్రయాణానికే పూజ.

రెండు వారాల కిందట మేనకోడలు మా షాపుకి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"మామయ్యా, లెఫ్ట్ టర్న్ చేస్తున్నా, ఓకే? మిడిల్‌లో కార్ స్టాప్ అయింది. గ్యాస్ పెడల్ నొక్కుతున్నా, సౌండ్ వస్తుంది, కదలట్లేదు. ట్రక్ వస్తుంది అటునుంచి. ఐ థాట్, దట్స్ ఇట్."

"నాన్నకి చెప్పావా?"

"నో! హర్ట్ అవుతాడు. ఆ కార్‌ని నాకంటే ఎక్కువ లవ్ చేస్తాడు. నువ్వు ఫిక్స్ చేసెయ్, ప్లీజ్. సీక్రెట్‌గా."

రహస్యంగా బాగుచెయ్యడానికి అది పంక్చర్ కాదు. ఆ రకం కార్లు మా షాపుకి చాలా వచ్చాయి. ఒకామె వెనక అద్దం మీద కాయితం అంటించుకుంది: 'దూరంగా ఉండండి, ఇది ఎప్పుడు కదులుతుందో నాకూ తెలీదు.' ఒక ముసలాయన ఎడమకి తిరగడమే మానేశాడు. ఇక్కడ ఎడమకి తిరగాలంటే ఎదురొచ్చే బళ్ళకి అడ్డంగా దాటాలి కదా. ఆయన ఊరంతా కుడివైపు నుంచే చుట్టి, ఎదురుగా ఉన్న కొట్టుకి ఇరవై నిమిషాల్లో చేరేవాడు. వాళ్ళ మీద నేను చాలా జోకులేశాను. మేనకోడలు వచ్చిన రోజు నుంచి ఒక్కటీ వెయ్యలేదు.

అసలు పూజకి ముందే కారు మూడుసార్లు డీలరు దగ్గరికి వెళ్ళింది. తన చేతిలో వణికిందన్న అక్క పోరు పడలేక. మూడుసార్లూ బావే నడిపాడు, సర్వీసువాడు పక్కన కూర్చున్నాడు. మూడుసార్లూ ఏమీ కాలేదు. 'డిజైన్ ప్రకారమే పనిచేస్తోంది' అని రాసిచ్చారు. బావ ఆ కాయితాల్ని పిల్ల మార్కుల కార్డుల్లా ఫైల్లో పెట్టుకున్నాడు.

గుడి నుంచి ఇంటికొచ్చాక అన్నం దగ్గర నేను అనేశాను. "బావా, పిల్లని అక్క కారులో పంపండి."

అక్క గరిటె గాలిలో ఆగింది. మేనకోడలు పళ్ళెంలోకి చూస్తోంది.

"నా కూతురు నేను చేసిన కారులో వెళ్తుంది" అన్నాడు బావ.

"మధ్యలో ఆగిపోతే?"

"ఆగదు. మూడు రిపోర్టులున్నాయి. నీ దగ్గరేముంది?"

"పూజారిగారున్నారు. సాక్ష్యానికి పిలవమంటారా?"

ఎవరూ నవ్వలేదు. బావ చెయ్యి కడుక్కుని తాళం తీసుకున్నాడు. "రా. నడిపి చూపిస్తా. ఒక్కసారి వణికితే నువ్వు చెప్పినట్టే చేస్తా. వణక్కపోతే ఈ మాట మళ్ళీ ఈ ఇంట్లో వినపడకూడదు."

"నేనూ వస్తా" అంది మేనకోడలు. వెనక సీట్లో కూర్చుంది.

బావ నడిపాడు. సిగ్నల్ దగ్గర ఆగాడు, కదిలాడు. ఎడమకి తిరిగాడు. మళ్ళీ ఎడమకి. ట్రాఫిక్‌లో నత్తలా పాకించాడు. కారు వెన్నలో కత్తిలా వెళ్తోంది. అద్దంలో పిల్ల మొహం చూశాను. అబద్ధం చెప్పినదానిలా చిన్నబోయింది. 'బహుశా నా తప్పేనేమో మామయ్యా' అని దాని కళ్ళల్లో రాసుంది. నాకు వీపు తడిసిపోయింది. ఓడిపోయినందుకు కాదు. నేను ఓడిపోతే రేపు పొద్దున అది ఈ స్టీరింగ్ పట్టుకుంటుంది.

ఆటోనగర్‌లో మా మేస్త్రీ ఒకటి నేర్పాడు. లారీ రోగం వెతికేటప్పుడు డ్రైవరు మొహం చూడకు, మాట వినకు, కాళ్ళు చూడు అనేవాడు. నోరు ఏం చెప్పినా కాళ్ళు బండితో నిజమే మాట్లాడుకుంటాయట. నేను రోడ్డు చూడడం మానేసి బావ బూటు చూశాను.

కారు నెమ్మదిగా కదిలి ఒకటో గేరు నుంచి రెండులోకి మారబోయే క్షణంలో, ఆయన కుడికాలు వెంట్రుకవాసి లేచింది. మళ్ళీ దిగింది. తర్వాతి సిగ్నల్ దగ్గర కూడా అంతే. మూడోచోటా అంతే. ఊపిరి తీసినంత తేలిగ్గా.

"కాలెందుకు ఎత్తుతున్నారు బావా?"

"ఎవరెత్తారు?"

"మీరే."

"నేనెత్తలేదు. ఓడిపోయాక కొత్త సాకా?"

"అయితే ఒక్క రౌండు నన్ను నడపనివ్వండి."

సీట్లు మారాం. నేను మామూలు మనిషిలా నడిపాను, కాలు ఎత్తకుండా, అందరూ నొక్కినట్టే నొక్కుతూ. మొదటి సిగ్నల్ దగ్గర ఏమీ కాలేదు. రెండోది కూడా నున్నగా దాటింది. "చూశావా" అన్నాడు బావ. మూడోచోట ఎడమకి తిరగాలి. సిగ్నల్లో ఎడమ బాణం లేదు, ఎదురుగా ఖాళీ చూసుకుని దాటాలి. దూరంగా ఒక కంకర లారీ. చాలా టైముంది. నొక్కాను.

అడ్డంగా సగం దూరం వెళ్ళి కారు వణికింది. ఇంజన్ అరుస్తోంది, చక్రాలకి వినపడడం లేదు. నొక్కుతున్నాను. ఉన్నచోటే ఉంది. లారీ హారన్ మొదలైంది, ఇంక ఆపలేదు. పొడుగ్గా ఒక్కటే కూత, దగ్గరవుతూ. బావ కూర్చున్న వైపు నుంచే వస్తోంది. అద్దం నిండా దాని ముందు జాలీ. వెనకనుంచి "మామయ్యా!" అని కేక. నేను ఇంకా గట్టిగా తొక్కాను. భయపడ్డ ఎవడైనా చేసేది అదే.

"కాలెత్తు!" అని అరిచాడు బావ. "ఎత్తి నొక్కు! ఎత్తరా!"

ఎత్తాను. నొక్కాను. లోపల ఏదో పట్టుకున్న చప్పుడు. కారు దూకింది. మా వెనకనుంచి లారీ వెళ్ళిన గాలికి కారంతా ఊగింది.

డోనట్ల కొట్టు ముందు ఆపాను. చేతులు స్టీరింగ్‌ని వదలడం లేదు. బావ కుడికాలి కింద మ్యాట్ ముడతలు పడి ఉంది. పక్క సీట్లో కూర్చుని కూడా ఆయన దాన్ని తొక్కుతూ, ఎత్తుతూ ఉన్నాడు.

"నాన్నా" అంది మేనకోడలు నెమ్మదిగా. "హౌ డిడ్ యు నో?"

బావ తన బూటు వైపు చూసుకుంటూ చెప్పాడు.

"టెస్టు ట్రాక్‌లో వణికేది. ఇంకా తయారవలేదని నేనే రాశాను. సాఫ్ట్‌వేర్‌తో సర్దుతామన్నారు. ఒకరోజు పైవాళ్ళు చూడ్డానికొస్తున్నారు. పొద్దున్నించీ ఎవరు నడిపినా వణుకుతోంది. నా చేతిలో వణకడం లేదు. నన్ను నడపమన్నారు."

"నడిపారా?" అన్నాను.

"నడిపాను. చప్పట్లు కొట్టారు. తర్వాత తయారైందని సంతకం పెట్టమంటే పెట్టాను. బండి బాగుపడిందనే అనుకున్నాన్రా. ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను. బాగుపడింది నా కాలు."

వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ఆయన భుజం మీద పడింది. ఆయన దాన్ని పట్టుకోలేదు, తీసెయ్యలేదు.

"ఏరా తొమ్మిదో క్లాసూ" అన్నాడు. "మాట్లాడవేం?"

"ఇవాళ సెలవు బావా."

తిరిగి ఆయనే నడిపాడు. ప్రతి సిగ్నల్ దగ్గరా ఆయన కాలు లేవడం ముగ్గురం చూశాం. అందరికంటే ఎక్కువగా ఆయనే చూసుకున్నాడు.

ఆదివారం పొద్దున పట్టపగటి వెలుగులో గరాజ్ తలుపు పూర్తిగా లేచింది. అక్క కారు వెనక్కి వచ్చి ఇంటి ముందు డ్రైవ్‌వేలో నిలబడింది. బావే వంగి, మోకాళ్ళు పట్టుకుంటూ నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. ఎదురింటాయన తన పికప్ కడుగుతూ పైపు పక్కన పెట్టి చూశాడు.

"కొత్త కారా?" అని అరిచాడు ఇంగ్లీషులో.

బావ నడుం నిటారు చేశాడు. ఏం చెప్తాడోనని అక్కా నేనూ ఆయన నోటివైపే చూశాం.

"కాదు. ఎప్పట్నుంచో మాదే" అన్నాడు.

మేనకోడలు నొక్కింది. నాలుగు నిమ్మకాయలూ బుద్ధిగా చితికాయి. వీధి మలుపు దగ్గర ఎడమ ఇండికేటర్ వెలిగింది. కారు ఆగింది, తిరిగింది, కనపడకుండా పోయింది.

"బాగానే ఉంది. రేపు నేను డ్యూటీకి దేన్లో వెళ్ళాలి?" అంది అక్క.

"నేను దింపుతా" అన్నాడు బావ. చిన్నకారు తాళం ఆయన జేబులోనే ఉంది. ఇంకెవ్వరికీ ఇవ్వనన్నాడు.

"అమ్మెయ్యొచ్చుగా బావా, ఇంకా కొనేవాళ్ళున్నారు."

"ఎవరికమ్మను? దాంతోపాటు ఈ కాలు కూడా ఇవ్వాలిగా."

మధ్యాహ్నం బావ కంపెనీకి ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు. అప్పుడు మేనకోడలు ఫోన్ చేసింది, కారు స్పీకర్ నుంచి.

"నాన్నా, గ్యాస్ స్టేషన్ కోసం హైవే ఎగ్జిట్ తీసుకున్నా. లెఫ్ట్ తిరగాలి, ట్రాఫిక్ ఉంది. ఒక్క నిమిషం, మళ్ళీ చేస్తా."

ఫోన్ పెట్టేసింది. బావ పెన్ను కాయితం మీద ఆగిపోయింది. బల్ల కింద, చెప్పు లేని ఆయన కుడికాలు నేల మీద నుంచి వెంట్రుకవాసి లేచింది. పిల్ల మళ్ళీ ఫోన్ చేసేదాకా అలాగే ఉంది.