నాన్న అడిగిన ఎండుచేప

ఇవాళ పక్కింట్లో ఎండుచేప కాలుస్తున్న వాసన వచ్చింది. మణుగూరు బొగ్గుగనిలో పనిచేసే నాన్న, కిడ్నీ జబ్బుతో ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ అదే అడిగేవాడు. రోగులు ఏం తినాలో రాసిచ్చే డైటీషియన్ మేడం ఉప్పు వద్దనేది. ఆమె రాసిస్తే చాలు, చేప తిన్నా నాన్నకేమీ కాదనుకున్నాను.

“మేడం, మీలెక్క కావాలంటే ఏం జెయ్యాలె?”

“న్యూట్రిషన్‌ల డిగ్రీ, పీజీ చదవాలె. దవాఖానాల పని నేర్చుకోవాలె. పరీక్ష పాసైతే రిజిస్టర్ చేస్తరు.”

మంచం మీద నాన్న నవ్వాడు. “జల్దీ సదువు బిడ్డా! నువ్వు రాసిచ్చినంక తింట.”

ఆ మాట పట్టుకునే చదివాను. రిజిస్టర్డ్ డైటీషియన్‌నయ్యేసరికి నాన్న లేడు. ఉన్నా, నేనూ చప్పటి పప్పే రాసిచ్చేదాన్ని. అడిగితే కాదనడానికైనా ఆయన ఉంటే బాగుండేది.