ఇద్దరి గోడ

కలిదిండి దగ్గర ఇళ్ల స్థలాల కోసం పోరాడిన మా సంఘానికి ఆవిడ పెద్ద. నేను అర్జీలు రాసేవాణ్ణి. పట్టాలొచ్చాక పునాదులకు ముగ్గు పోసిందీ ఆవిడే. "రెండిళ్లకీ మధ్యన ఒక్క గోడ చాలండీ. ఇటుక మిగులుతుంది, మనుషులూ కలిసుంటారు," అన్నారు. అలాగే ఒకరికొకరం కూలి లేకుండా కట్టుకున్నాం. రోజూ పొద్దున్నే ఆవిడ ఆ గోడ మీద తట్టేవారు. పక్కింటాయన అవతల నుంచి తట్టేవాడు. అదే వాళ్ల పలకరింపు.

తర్వాత గోడ అవతలి వరసవాళ్లు ఒక్కొక్కరే రొయ్యల చెరువుల ఆసామికి ఇళ్లు అమ్ముకున్నారు. చివరికి మాతోపాటు ధర్నాలో కూర్చున్న ఆ పక్కింటాయన కూడా. ఆ ఇళ్లు కూల్చి, చెరువు కోసం మెషీన్ గోడ మొదలుదాకా తవ్వేసింది.

నేను వెళ్లేసరికి గోడకు నడుమెత్తున ఉప్పుచెమ్మ ఎక్కింది.

"గోడ ఇద్దరిదీ కదండీ. నన్నొక మాట అడగాలి కదా. అర్జీ రాయండి," అన్నారు ఆవిడ.

కాగితం తీశాను. "ఎవరి మీద రాయమంటారండీ?"

ఆవిడ గోడ వైపు తిరిగారు. పక్కింటాయన పేరు నోటిదాకా వచ్చి ఆగినట్టుంది. అలవాటుగా గోడ మీద తట్టారు.

అవతల చెరువులో నీళ్లు చిలికే ఏరేటర్లు తిరుగుతున్నాయి.