నెలకు మూడు దినాలు

ఇప్పటి ఆడపిల్లలు ఇంటికొచ్చి అడుగుతుంటారు, "అమ్మా, మీ రోజుల్లో రాసుకోవడానికి టైం ఎట్లా దొరికేది?" అని. ముట్టయితే దొరికేది అంటాను. పాపం, వాళ్ళకు ఎటు చూడాలో తెలియదు. సిగ్గెందుకు? అడిగింది మీరే కదా! నా మొదటి పుస్తకం అచ్చయ్యేసరికి నా బిడ్డకు బిడ్డ పుట్టింది. అంత ఆలస్యం ఎందుకైందో చెప్పాలంటే మా కొట్టం వెనక గుడిసె సంగతి చెప్పక తప్పదు.

మా అత్తవారి ఊరు మోత్కూరుకు ఒక పూట నడక. రెండు నాగళ్ళ సేద్యం, బర్లు, వచ్చేపోయే చుట్టాలు. కోడి కూయకముందే లేచి ఇసుర్రాయి ముందు కూర్చోవాలి. జొన్నలు విసిరి లేస్తే పేడ, పేడ ఎత్తితే పాలు, పాలు పితికితే పొయ్యి. చేనుకు సద్ది మోసి, వచ్చి వడ్లు దంచి, మళ్ళీ పొయ్యి దగ్గరికే. పొద్దుగూకినాక దీపం పెట్టుకుందామంటే అదీ లేదు. నిజాం మీద తిరగబడి ఊళ్ళు సంఘంలో చేరుతున్న రోజులవి. పగలు నిజాం పోలీసులు వచ్చి పోయేవాళ్ళు, చీకటి పడితే సంఘం వాళ్ళ దళం వచ్చి పోయేది. దీపం కనబడితే ఇద్దరికీ అనుమానమే. అందుకని ఊరు ఊరంతా సందెవేళకే తలుపులు బిడాయించుకుని పడుకునేది. నేను చీకట్లో కళ్ళు తెరుచుకుని, మనసులో కథలు అల్లుకుని, తెల్లారేసరికి అవి మరిచిపోయేదాన్ని.

చదువు మా బాపు చెప్పింది. మోత్కూరులో పిల్లలకు తెలుగు చెప్పే ఖానగీ బడి, సర్కారుది కాని సొంత బడి, ఆయనది. హైదరాబాదు నుంచి ఒక పత్రిక తెప్పించేవాడు. అందులో ఒక్కసారైనా నా కథ చూసుకోవాలని పెళ్ళికి ముందు నుంచే నాకు పిచ్చి. అత్తవారింట్లో మొదట్లో ఒకసారి, అందరూ చేనుకు పోయిన మధ్యాహ్నం, పెన్సిలు తీసి కూర్చున్నాను. ఒక వాక్యం రాశానో లేదో, తాడు తెంపుకున్న దూడ వచ్చింది. దాన్ని కట్టేసి వస్తే మజ్జిగ కోసం పక్కింటామె. ఆమెను పంపిస్తే కుండ మీద కాకి. ఆ వాక్యం అట్లాగే ఉండిపోయింది. ఏ మాటకా మాటే చెప్పాలి, ఆ ఇంట్లో నన్ను రాయొద్దని అన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

ఇక ఆ గుడిసె. కొట్టం వెనక, ముళ్ళకంపను ఆనుకుని, తాటాకులతో కప్పింది. ఇంటి ఆడది ముట్టయితే మూడు దినాలు అందులో ఉండాలి. ఒక చాప, గొంగడి, నీళ్ళ ముంత. దేన్నీ ముట్టుకోకూడదు, ఎవరినీ తాకకూడదు. మా అత్త దూరంగా నిలబడి రొట్టె ఆకులో వేసి పోయేది. పక్కింటి ఆడవాళ్ళు ఆ మూడు దినాలను తిట్టుకునేవాళ్ళు. చలికాలం గడ్డకట్టుకు పోవాలి, వానాకాలం తేళ్ళకు భయపడాలి. మరి నాకో? నన్ను ఎవరూ పిలవని జాగా లోకంలో అదొక్కటే! దూడ తెంపుకుంటే వేరేవాళ్ళు చూసుకుంటారు. నేను ముట్టుకుంటే పాలు మైలపడతాయి కదా. తాటాకుల సందులో దాచిన కాగితాలు తీసి, వంచిన నడుము ఎత్తకుండా రాసేదాన్ని.

రాసింది బయటకు ఎట్లా పోవాలి? దానికి మా చాకలి అవ్వ ఉంది. ముట్టుబట్టలు ముట్టుకునేది ఆమె ఒక్కతే. ఆమె బిడ్డను మోత్కూరులోనే ఇచ్చారు, సంతకు పోయినప్పుడల్లా అటు వెళ్ళొచ్చేది. కథను మైలబట్టల నడుమ మడతపెట్టి ఇస్తే మా బాపుకు చేర్చేది. ఊరి పొలిమేరలో పోలీసులు ప్రతి మూటా విప్పించి చూస్తున్న రోజుల్లో కూడా ఆమె మూటను ఎవరూ విప్పలేదు. "ఇప్పుతనయ్యా, నాదేం పోతాంది? ముట్టుబట్టలివి, జూస్తవా?" అని గట్టిగా అరిచేదట. తుపాకీ పట్టుకున్నవాడు కూడా నాలుగడుగులు వెనక్కి పోయేవాడట. ఆ మాట చెప్పి అవ్వ పడీపడీ నవ్వేది.

అట్లా పోయిన కథ ఒకటి అచ్చయింది. రెండోదీ అచ్చయింది. అప్పుడు సంపాదకుడు మా బాపుకు కబురు చేశాడు. ఆడవాళ్ళ పేజీ ఒకటి పెడుతున్నామనీ, మీ అమ్మాయి ప్రతినెలా పౌర్ణమిలోగా కథ అందిస్తే ఆ పేజీ ఆమెదేననీ, తప్పితే ఇంకొకరికి ఇస్తామనీ. అవ్వ నోట ఈ మాట విని గుడిసెలో ఎగిరి గంతేశాను. పేజీ! నాది! తర్వాత కూలబడ్డాను. సంపాదకుడికి పౌర్ణమి కావాలి. నా ఒంటి లెక్క నా ఒంటిది.

మా అత్త సంగతి కూడా చెప్పాలి. నేను బయట కూర్చున్న ప్రతిసారీ ఆమె కళ్ళ నీళ్ళు పెట్టుకునేది. పెళ్ళయి ఏండ్లయినా నా కడుపు పండలేదని బెంగ. యాదగిరిగుట్ట నరసింహస్వామికి మొక్కింది, మనుమడో మనుమరాలో పుడితే కాలినడకన వస్తానని. "గీ నెల గూడ గంతేనా బిడ్డా?" అని ఆమె కొట్టం మూల మీద నిలబడి అడిగితే, నేను తలవంచుకుని "అంతే అత్తా" అనేదాన్ని. తల వంచింది బాధతో కాదు, నవ్వు దాచుకోవడానికి. ఆమె ఏడుపూ నా పండుగా ఒకే దినాన వచ్చేవి.

ఆ చలికాలమే మా ఆయన ఇల్లు విడిచాడు. నిజాం వైపు తుపాకుల మూకలు ఊళ్ళ మీద పడి వయసు మగవాళ్ళను పట్టుకుపోతుంటే, సరిహద్దు అవతల నిజాంతో కొట్లాడేవాళ్ళ శిబిరానికి పోయాడు. నేను పుట్టింటికి పోదామన్నా దారులు బాగాలేవు. ఊరికి పొలిమేర, ఇంటికి గోడ, నాకు ఇసుర్రాయి. కదలడానికి సందు లేదు. ఆయన పోయిన నెలకే, రావలసిన దినాలకు నాకు ముట్టు రాలేదు.

ఇంకో ఆడదైతే పరుగెత్తుకుపోయి అత్త చెవిన వేసేది. నేనేమో కథకు ముగింపు లేదు, పౌర్ణమి దగ్గర పడుతోంది అనుకున్నాను. ఇప్పుడు చెప్తే ఎన్ని నెలలకు మళ్ళీ గుడిసె మొహం చూస్తాను? పొద్దున్నే చాప చంకన పెట్టుకుని, "అత్తా, బయట కూసుంటున్న" అన్నాను. ఆమె చేటలో బియ్యం అట్లాగే వదిలి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అయినా పోయాను. కథ పూర్తి చేశాను.

నాలుగో నాడు అవ్వ మూట కట్టుకుంటూ ఆగింది. బట్టలు అటూ ఇటూ తిప్పింది.

"చిన్నమ్మా, ఇవి పొడిగనే ఉన్నయి గదా," అంది.

ఆమె కాగితాలను బట్టల నడుమ దోపి ముడి గట్టిగా బిగించింది.

"నేను సూడలె, నువ్వు జెప్పలె. గని కడుపుతోటి చలిల పండుడు మంచిదా? జర జూసుకో తల్లీ," అని మూట నెత్తిన పెట్టుకుంది.

వచ్చే నెల మళ్ళీ అదే నాటకం ఆడాను. ఈసారి చలి ఇంకా ఎక్కువ. రెండో నాడు పొద్దున రొట్టె వాసనకే కడుపులో తిప్పింది. గుడిసె బయటకు వచ్చి వంగి, పేగులు బయట పడేటట్టు కక్కాను. కళ్ళు తిరిగి కింద పడబోయాను. ఎవరో వెనక నుంచి పట్టుకున్నారు. చూస్తే మా అత్త! మూడు దినాలూ నా నీడ కూడా తాకని మనిషి, నన్ను రెండు చేతులా పొదివి పట్టుకుంది.

"నీళ్ళు పోసుకున్నవా బిడ్డా?" అంది.

అబద్ధం చెప్పలేకపోయాను. తల ఊపాను. ఆమె నన్ను కావలించుకుని గొల్లున ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. ఆ వెంటనే గుడిసె వంక, చాప వంక, దూరంగా ఆకులో పడేసిన రొట్టె వంక చూసి నెత్తి కొట్టుకుంది. "అయ్యో నరసింహసామీ, నాకెంత పాపం తగిలిస్తివి! కడుపుతోనున్న పిల్లను చలిల పండబెడితి, కుక్కకేసినట్టు ఏస్తి! ఎందుకు జెప్పకపోతివే?"

"రాసుకుందామని అత్తా," అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. "రాసుకునేటందుకా? ఇంట్ల రాసుకో బిడ్డా. ఎవలొద్దన్నరు?"

నిజమే, ఎవరు వద్దన్నారు? ఇంట్లోకి తీసుకుపోయి తలంటి పోసి, నెయ్యి వేసి అన్నం తినిపించింది. ఆమె నన్ను తిట్టి ఉంటే నేను ఎదురు తిరిగేదాన్ని. ప్రేమగా చూస్తుంటే ఏం చేయాలి? ఆ నెల పౌర్ణమి దాటిపోయింది, తర్వాతిదీ దాటిపోయింది. పేజీ ఇంకొకామెకు పోయింది. మా బాపు బతిమాలితే సంపాదకుడు ఒక మాట మాత్రం ఇచ్చాడు. ఆ కొత్తామె పెళ్ళయి పోయేదాకా ఆమెదే పేజీ, ఆ తర్వాత మీ అమ్మాయి వరుసగా కథలు పంపగలిగితే మళ్ళీ చూద్దామని.

పురుటిగదిలోనైనా రాయొచ్చు అనుకున్నాను. అదీ మైలే కదా, ఎవరూ రారు. పిచ్చిదాన్ని! చంటిది ఒకతి పక్కనే ఉంటుందని మరిచిపోయాను. ఆడపిల్ల పుట్టింది. ఆ వానాకాలం చివర యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం రాజ్యం పోయింది, ఊరంతా పండుగ. మా ఆయన తిరిగొచ్చాడు. కొత్త చొక్కా, కొత్త మాటలు. బిడ్డను ఎత్తుకుని మురిసిపోయాడు. నేను మాత్రం నా ఒంటి వైపే చూస్తూ కూర్చున్నాను, ముట్టు ఎప్పుడు మొదలవుతుందా అని.

బిడ్డ పాకే వయసుకు మా బాపు కబురు తెచ్చాడు. కొత్తామెకు పెళ్ళయింది, పేజీ ఖాళీ అయింది, పౌర్ణమిలోగా కథ కావాలి. పౌర్ణమికి ఇంకా వారం ఉందనగా, దేవుడు నా మొర ఆలకించాడు. పొద్దున లేచి చూసుకుని ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. బిడ్డకు పాలిచ్చి, చాప చంకన పెట్టుకున్నాను. పాలకు మాత్రం బిడ్డను నా దగ్గరికి తెస్తారు, మిగతా పొద్దంతా అత్త దగ్గరే. అంతా లెక్క వేసుకున్నాను.

"అత్తా, బయట కూసుంటున్న," అన్నాను.

మా ఆయన వాకిట్లో పళ్ళు తోముకుంటున్నాడు. వేపపుల్ల పారేశాడు. "బయటనా? ఇంకా గవే మూఢాచారాలా? శిబిరంల మేమేం నేర్చుకున్నం? ఆడోళ్ళను గొడ్లలెక్క బయట పండబెట్టుడు బంద్," అని గడ్డపార అందుకున్నాడు.

నేను అత్త వైపు చూశాను. అరవదా, అడ్డుపడదా? ఆచారం పట్టిన మనిషి, కొడుకును నాలుగు తిట్టదా? ఆమె నా బిడ్డను చంకనెత్తుకుని కొట్టం దాకా వచ్చింది. "కూలగొట్టు కొడకా," అంది. "కడుపుతోనున్నదాన్ని దీంట్ల పండబెట్టిన. ఆ పాపం నాకు సాలు. ఇగ నా కోడలు బయట పండది."

"వద్దు," అన్నాను. నా మాట ఎవరికీ వినబడలేదు. తాటాకులు ఫెళఫెళమని విరిగిపడ్డాయి. సందుల్లో దాచిన నా కాగితాలు దుమ్ములో రాలాయి. మా ఆయన అవి ఏరి, దుమ్ము దులిపి, ఒకటి చదివి నవ్వాడు. మంచి నవ్వే.

"కతలా? మంచిగనే రాసినవు. ఇగ ఇంట్ల నీడకు కూసొని రాసుకో. ఎవలొద్దన్నరు?" అని కాగితాలు నా చేతికిచ్చాడు. "ఏమే, సంతోషమేనా?"

ఊరి ఆడవాళ్ళు కంప అవతల గుమిగూడి చూస్తున్నారు. అదృష్టవంతురాలివి అన్నారు. అంత మంచి మొగుడు, అంత మంచి అత్త ఎవరికి దొరుకుతారు అన్నారు. నేను కాగితాలు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఇంట్లోంచి మా అత్త పిలిచింది.

"ఇగ రా బిడ్డా, ముట్టు లేదు గిట్టు లేదు. జొన్నలు ఇసురుదువు గని. పొద్దెక్కుతాంది."

పోయి ఇసుర్రాయి ముందు కూర్చున్నాను.