వియ్యాలవారికి తమ్ముడు చేసిన బల్ల

మా తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ముక్కలాయనే. కోతమిల్లులో పొయ్యిపాలు కావలసిన టేకు ముక్కలు బస్తాలకెత్తి తెచ్చి, చిత్రిక పట్టి, జిగురుతో పక్కపక్కన అతికి, ఇనప బిగింపుల్లో బిగించి పెద్ద పలకలు చేస్తాడు. అతుకు ఎక్కడుందో గోరు పెట్టి వెతికినా దొరకదు. తమ్ముడు కదా అని పొగుడుతున్నాననుకోవద్దు. వాడు పనిచేసే షెడ్డులో ముక్కలు ఏరేది నేనే. పొగడటం నాకు చేతకాదు.

కూతుర్ని ఇచ్చిన ఇంట్లోనూ ఆ పేరే నిలిచింది. "మీ నాన్న మాకు కూడా పొయ్యిలో పెట్టేవే తెస్తాడేమిటమ్మా," అని వియ్యపురాలు ఒకసారి నవ్వుతూ అంది. ఆ మాట వీడికి ముల్లులా దిగింది. వాళ్ళకో భోజనాల బల్ల చేసి చూపిస్తానని పట్టుబట్టాడు.

పలక అతకడానికి ఒక పద్ధతుంది. ఒక ముక్కకి బెరడు వైపు పైకి ఉంటే, పక్కదానికి కిందికి ఉండాలి. అప్పుడు ఒకటి ఇటు వంగబోతే రెండోది అటు లాగి బల్ల సమంగా నిలుస్తుంది. బెరడు వైపు గీతలు అందంగా ఉన్నాయని వీడు అన్నీ పైకే పేర్చాడు.

"ఒరే, ఎండలకి దోసిలి పట్టినట్టు వంగుతుందిరా," అన్నాను.

"నువ్వు ముక్కలు ఏరుకో అక్కా. అతకడం నాకొదిలెయ్."

బల్ల వాళ్ళింటికి చేరింది. ఎండలు ముదిరాక వియ్యాలవారు మమ్మల్ని భోజనానికి పిలిచారు. ఆ బల్ల మీదే చెంబు తొణికి నీళ్ళు ఒలికాయి. అంచుకి పోవలసినవి నడిమికి నడిచి మడుగు కట్టాయి.

"అన్నయ్యగారూ, ఇక గిన్నెలెందుకు, కూర ఇందులోనే పోసుకోవచ్చు," అంది వియ్యపురాలు.

అందరూ నవ్వారు. వీడూ నవ్వేస్తే పోయేది. ముఖం కందగడ్డ చేసుకుని కూతురి మీదికి తిరిగాడు.

"తడిగుడ్డ వేసి వదిలేశావా దీని మీద?"

అది షెడ్డులో పెరిగిన పిల్ల. బల్ల ఎందుకు వంగిందో దానికి తెలియక కాదు. అయినా, "అవును నాన్నా, మర్చిపోయాను," అంది. అత్తగారు నవ్వు ఆపి కోడల్ని కొరకొరా చూసింది. నేను నోరు తెరవబోతే, అది బల్ల కింద నా మోకాలు నొక్కింది.

బాగుచేస్తానని వీడు బల్లని షెడ్డుకి తెచ్చాడు. అతుకుల వెంట కోసి, ఒకటి విడిచి ఒకటి తిప్పి, మళ్ళీ అతికాడు. ఆ రోజుల్లో తిండి సయించలేదు వీడికి.

"పిల్ల ముఖం ఎలా చూడనక్కా?"

"చెక్క ముఖం చూసినంతసేపు దాని ముఖం చూసుంటే సరిపోయేది," అన్నాను. మెత్తగా చెప్పడం నాకు రాదు.

వాళ్ళింట్లో బల్ల దించగానే వియ్యపురాలు, "ఇకనైనా తడిగుడ్డ వెయ్యొద్దని మీ అమ్మాయికి చెప్పండి," అంది.

వీడు తాళ్ళు విప్పుతూ తలెత్తకుండా అన్నాడు. "తడిగుడ్డ కాదమ్మా. ముక్కలు తప్పు పేర్చింది నేను. నా పరువు పోతుందని అది తన మీద వేసుకుంది."

ఆవిడ కోడలి వైపు తిరిగి, "మరి ఇన్నాళ్ళూ నేనంటుంటే పడ్డావేమే?" అంది. ఆ గొంతులో మునుపటి వెటకారం లేదు.

భోంచేసి వెళ్ళమన్నారు. షెడ్డులో పనుందన్నాడు వీడు. పనేమీ లేదు. పిల్ల గేటు దాకా వచ్చి, "మళ్ళీ ఎప్పుడొస్తావు నాన్నా?" అని అడిగింది. వస్తానన్నట్టు తలూపాడే కాని, దాని వైపు చూడలేకపోయాడు.