లచ్చమ్మ మంచి మోకాలు

రిటైరవడానికి ఏడాది ముందు, ఫిబ్రవరి మొదట్లో, నన్ను అడవి ప్రాంతంలో, కోంటా వైపు ఒక చిన్న ఆసుపత్రికి ఆక్యుపేషనల్ థెరపిస్టుగా వేశారు. దెబ్బ తగిలిన మనిషిని మళ్లీ తన పనికి తయారుచేయడం మా వృత్తి. కీలు ఎంతవరకు వంగుతుందో కొలవడం అందులో మొదటి మెట్టు. దానికి వాడే గోనియోమీటర్ అంటే మరేం లేదు, స్కూలు కోణమానినికి రెండు పొడుగు చేతులు తగిలించినట్టుంటుంది.

ఎర్రబోరు ఊరి నుంచి లచ్చమ్మ అనే రైతు వచ్చింది. విరిగిన మోకాలిచిప్ప అతుక్కుంది, ఇక వంచవచ్చని డాక్టరు రాశాడు. పడుకోబెట్టి, పరికరం ఒక చేతిని తొడ వెంట, రెండో దాన్ని పిక్క వెంట ఆనించి వంచమన్నాను. నూట ముప్పై డిగ్రీలు. పుస్తకంలో నూట ముప్పై అయిదు. అయిదు డిగ్రీలు ఒక లెక్కా! ‘సాధారణం’ అని రాసి, ఇక రానక్కర్లేదు, ఛుట్టీ అన్నాను.

ఆమె బల్ల దిగలేదు. “ఏంది సారూ, కూకోనే రాకపాయె, ఛుట్టీ ఏంది? వచ్చే నెల ఇప్పపూలు రాలతయి. నిలబడి ఏరుతరా?”

సాకులు చెబుతోందనుకున్నాను. ముప్పై ఏళ్ల సర్వీసు పొగరు మరి! ఏదీ కూర్చో, చూద్దామన్నాను. మడమలు నేలకానించి గొంతుక్కూర్చోబోయి, చివర్లో పక్కకు ఒరిగిపోయింది. గబుక్కున పట్టుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది. దెబ్బ తగలని మంచి వైపు ముందు కొలవాలన్నది మా మొదటి నియమం. బయట క్యూ ఉందని దాన్ని ఎగ్గొట్టాను. ఆ రెండో మోకాలు కొలిస్తే నూట యాభై అయిదు! వంట, నాట్లు, ఏరుడు, అన్నీ చిన్నప్పటినుంచి గొంతుక్కూర్చునే చేసిన మోకాలది. నేను సాధారణమన్నది ఆమెకు పాతిక డిగ్రీల లోటు.

“నేను అబద్ధం చెప్తన్ననా సారూ?” అంది.

తప్పు నాదేనని ఒప్పుకుని కాగితం మీద రాసింది కొట్టేశాను. సిగ్గేసింది.

వారానికి మూడు రోజులు వేడి కాపడం, మెల్లగా వంచడం, వారం వారం ఎత్తు తగ్గిస్తూ పీట మీద కూర్చోబెట్టడం. పూత రాలడం మొదలయ్యేలోగా వంగుతుందో లేదోనని నాకు బెంగగానే ఉండేది. మార్చి మధ్యలో ఓ పొద్దున వరండాలో పీట లేకుండా కూర్చుని, “ఇగ కొలువు సారూ” అంది. నూట యాభై. హమ్మయ్య! ఆమెకంటే నాకే ఎక్కువ ప్రాణం లేచొచ్చింది. మర్నాటినుంచి ఇప్పపూలకు పోయింది.

మిగిలిన సర్వీసంతా మంచి వైపు కొలవకుండా, ఏం పని చేస్తావని అడగకుండా ఎవరికీ ఛుట్టీ ఇవ్వలేదు. పుస్తకంలో అంకె కుర్చీల్లో కూర్చునేవాళ్లది.