పాలిచ్చే తల్లి చుట్టూ పడవలు

లతాయి పోయిన రోజు వవావు దీవి రేవులో ఆమె గురించి అందరూ మంచిమాటలే చెప్పారు. శాంతమూర్తి అన్నారు పాస్టరుగారు. శాంతమా, లతాయికా! రేవులో సగంమంది పడవవాళ్ళు ఆమె నోటికి జడిసి తలొంచుకు తిరిగినవాళ్ళే. ఆ కోపం ఊసెత్తకుండా ఆమెను మెచ్చుకోవడం ఆమెకి మర్యాద కాదు.

ఆమె తండ్రి తిమింగలాలని వేటాడినవాడు. అప్పట్లో అది తప్పు కాదు, ఒకటి పడితే ఊరంతా వండుకునేది. ముందు పిల్లని పొడిచేవారు. పిల్లని వదిలి తల్లి పోదు, అక్కడక్కడే తిరుగుతుంది. అప్పుడు తల్లిని పొడవడం సులువు. ఆ మాంసం తినే పెరిగానని లతాయి ఎప్పుడూ దాచలేదు.

తరవాత వేట ఆగింది. తిమింగలాలని నీళ్ళలోకి దిగి దగ్గరగా చూడ్డానికి జనం రావడం మొదలైంది. తమ్ముడి కొడుకు లిసియాతె పడవ కొంటే, లతాయి అందులో పనికి కుదిరింది. ముందుగా ఆమె నీళ్ళలోకి దూకాలి, తిమింగలం తీరు చూడాలి, చెయ్యెత్తాలి. ఆ చెయ్యి లేస్తేనే యాత్రికులు దిగాలి.

ఒక శనివారం దీవి చాటున నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఒక తల్లి, దాని పక్కన ఇంకా ముడతలు విడని పిల్ల. పొద్దున్నే ఒక పడవ వచ్చింది, అది వెళ్ళగానే ఇంకోటి. "మాదయిపోయింది, తరవాతెవరు?" అని రేడియోలో కేకలు. ఏ పడవా తన వంతుకి మించి ఉండలేదు, ఏ పడవా తప్పు చెయ్యలేదు. తల్లికి మాత్రం అవన్నీ కలిసి పొద్దంతా కదలని ఒకే పడవ. అది కాస్త కుదురుకుని, పిల్ల పొట్ట కిందికి దూరేసరికి మళ్ళీ ఇంజను మోత. తల్లి ఉలిక్కిపడి, పిల్లకి అడ్డంగా ఒళ్ళు తిప్పి, ఇంకో పక్కకి జరిగేది. పిల్ల రొప్పుతూ మాటిమాటికీ పైకి వచ్చేది.

లిసియాతె వంతు వచ్చింది. లతాయి దూకింది, చూసింది. చెయ్యెత్తకుండానే పడవెక్కేసింది.

"ఎవరూ దిగొద్దు."

పక్క పడవ నడిపే ఫైవా రేడియోలో నవ్వాడు. "ఏరా లిసియాతె, మీ అత్తకి భుజం పట్టేసిందా? చెయ్యి లేవట్లేదు! ఆ వంతు మాకిచ్చెయ్యండి."

లిసియాతె గొంతు తగ్గించాడు. "రేపు ఆదివారమే కదా అత్తా, అందరూ చర్చిలోనే. ఒక్క పడవా కదలదు. రోజంతా పడుకుంటుంది."

"నీ పిల్లల్ని శనివారం పస్తు పెట్టి, ఆదివారం విందు చేస్తావా?"

"వీళ్ళు చాలా దూరం నుంచి వచ్చారత్తా..."

"దానికంటే దూరమా? మంచు సముద్రం నుంచి కడుపుతో ఈదుకుంటూ వచ్చింది అది! పిల్లని పట్టుకుంటే తల్లి పోదని మీ తాతకి తెలుసు. నీకూ తెలుసు. ఈటె లేదు, అంతే తేడా. పడవ నాకిచ్చెయ్యి."

ఆ దీవుల్లో మేనత్త అడిగింది కాదనకూడదు. చాప అడిగినా, పంది అడిగినా అంతే. పెళ్ళిళ్ళలో ఆమె ఏది ఏరుకున్నా ఇంటిల్లిపాదీ నవ్వుతూ ఇచ్చేవారు. పడవ అడుగుతుందని ఎవరనుకుంటారు? లిసియాతె ఇంజను తాళం తీసి, రెండు చేతులతో ఆమె అరచేతిలో పెట్టాడు.

లతాయి రేడియో అందుకుంది.

"ఫైవా, మీ నాన్న నాకేమవుతాడు?"

"నీ పినతండ్రి కొడుకు... తమ్ముడవుతాడత్తా."

"అయితే నీ పడవ కూడా నాదే. తప్పుకో."

ఎవరో పగలబడి నవ్వారు. ఆ నవ్వినవాడి తండ్రి పేరూ ఎత్తింది ఆమె. నవ్వు ఆగింది. ఆ వరసలో ఉన్నవాళ్ళందరూ ఏదో ఒక తమ్ముడి కొడుకులే. ఒక్కొక్క పడవే తప్పుకుంది. నీళ్ళు సద్దుమణిగాయి. తల్లి కదలకుండా తేలింది, పిల్ల పొట్ట కిందికి దూరింది, ఈసారి వెంటనే పైకి రాలేదు.

అప్పుడు దీవి మలుపులోంచి గ్రాంట్ పడవ వచ్చింది. న్యూజీలాండు నుంచి వచ్చి వ్యాపారం పెట్టుకున్నవాడు.

"రావద్దు గ్రాంట్! పిల్ల పాలు తాగుతోంది."

"మరీ మంచిది. మావాళ్ళు అది ఎప్పుడూ చూడలేదు."

"రావద్దన్నానా!"

"నేను నీ తమ్ముడి కొడుకుని కాదమ్మా. అనుమతి ఉంది, చోటు ఖాళీగా ఉంది."

ఇంజను మోతకి తల్లి తోక కొట్టి లేచింది. పిల్లని తలతో నెట్టుకుంటూ దీవి చాటు వదిలి, గాలి కొట్టే పెద్ద సముద్రంలోకి వెళ్ళిపోయింది. అది పడుకున్న చోట చిక్కటి తెల్లటి పాలు నీళ్ళలో చారలుగా విడిపోతూ మిగిలాయి. గ్రాంట్ మనుషులు ఆ పాలల్లోకే దూకారు.

లిసియాతె పుట్టాక మొదటిసారి అత్తకి ఎదురు మాట్లాడాడు. "చూశావా? మనం తప్పుకుని ఏం ఒరిగింది? వాడొచ్చాడు."

"వాడొచ్చాడు. నువ్వు కాదు."

తాళం ఆమె తిరిగివ్వలేదు. ఫైవా తాడు కట్టి ఆ పడవని రేవుదాకా లాక్కొచ్చాడు. డబ్బు వెనక్కిమ్మని యాత్రికులు తిడుతుంటే, లతాయి అందరికీ వీపు పెట్టి వెనకభాగంలో కూర్చుంది. ఆమె బతికుండగా ఆ పడవ మళ్ళీ పిల్లతల్లి దగ్గరికి పోలేదు.

గ్రాంట్ పడవ మాత్రం ఆ సోమవారం పొద్దున్నే మళ్ళీ అటే వెళ్ళింది.